పరిశోధకుల లెక్క

“పరిశోధకులు ఎంతమంది అక్కా?” గణాంక శాఖ నుంచి వచ్చిన చెల్లెలు ఫారం పైన అక్క పేరు, అడ్రసు రాసి అడిగింది.

ఆ నీటి పరీక్షల లాబ్‌కి అక్కే పెద్ద. “పదకొండు మందిమి. అవునే, దేశం మొత్తంలో ఎంతమంది ఉన్నారో తెలియడానికి అంకె చాలుగా? ఇంటి అడ్రసులెందుకు?”

“ఈ ఏడు కొత్త ఫారం. పైనుంచి వచ్చింది. మాకేం తెలుసు?”

“పోయిన నెల గాలి కాలుష్యం చూసే లాబ్‌కీ నువ్వేనా వెళ్లింది?”

“ఆ. ఎనిమిది మందినీ రాసుకున్నాను.”

“ఇప్పుడక్కడ ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్లను ఇళ్ల దగ్గరే జీపెక్కించి తీసుకుపోయారట. ఎక్కడున్నారో ఎవరూ చెప్పడం లేదు.”

చెల్లెలి చేతిలో పెన్ను ఆగిపోయింది. “ఒట్టు అక్కా, నాకు తెలియదు. ఈ ఫారం చించేస్తాను.”

“పిచ్చిదానా, అన్నీ నంబర్లు వేసిన కాగితాలు. ఒకటి తగ్గితే నిన్ను పట్టుకుంటారు.”

పక్క గదిలో మిగతా పదిమందిలో ఎవరో ఏదో అన్నట్టున్నారు, అందరూ గొల్లున నవ్వారు. అక్క లేచి తలుపు దగ్గరగా వేసింది.

“నా పేరు ఎలాగూ రాశావు. మొత్తం అన్నచోట ఒకటి అని వేసెయ్. మిగతావాళ్లు సీసాలు కడిగేవాళ్లని చెప్పు.”

చెల్లెలు ఏడుస్తూనే ఒకటి వేసింది. అక్క ఫారం అందుకుని కింద సంతకం పెట్టింది.