చెయ్యి తీసిన మనిషి

అప్పటికి నలభై తొమ్మిది మంది గుద్దేశారు.

నాందేడ్‌లోని ఓ కాలేజీ హాల్లో శీతల్ తెచ్చి పెట్టిన యంత్రం అది. తెర మీద అంతరిక్ష నౌక, దూరంగా స్టేషన్. నౌకను చేత్తో నడిపి స్టేషన్‌కు ఆనించాలి. ఉన్నది ఒక్కటే లివర్.

శిక్షణ లేని యాభై మందిలో ఒక్కరైనా మెల్లగా ఆనించకపోతే అసలు నౌకలోంచి ఆ లివరే తీసేస్తామన్నారు పైవాళ్లు. అదే జరిగితే, దాన్ని తయారుచేసిన శీతల్ నాలుగేళ్ల కష్టం గోదాట్లో కలిసినట్టే.

వచ్చినవాళ్లందరిదీ ఒకటే తొందర. అటు పోతోందని ఇటు లాగడం, ఇటు వచ్చిందని అటు నెట్టడం, చివరికి ధబ్‌మని గుద్దడం.

ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆమెకు ముద్ఖేడ్ జంక్షన్ గుర్తొచ్చేది. నాయనకు సద్ది పట్టుకుపోయిన రోజులు ఎంత బాగుండేవి! ఇంజన్ వచ్చి డబ్బాలకు ఆనుతుంటే, రెండు బఫర్ల నడుమ, కాస్త గట్టిగా తగిలితే నలిగిపోయే ఇరుకులో నిలబడి కొక్కెం తగిలించేవాడు నాయన వెంకట్రాములు.

"మా దాసన్న ఇంజన్ తెస్తె చప్పుడే రాదు" అనేవాడు. దాసన్న డ్యూటీ ఉన్న రోజు అమ్మ గడపలో కాచుక్కూర్చునేది కాదు. ఆ దాసన్నను శీతల్ ఎన్నడూ దగ్గర్నుంచి చూడలేదు. నాయన పోయి ఆరేళ్లు.

యాభయ్యో మనిషిగా ఓ ముసలాయన వచ్చాడు. ఆయన నింపిచ్చిన కాగితాన్ని శీతల్ చూడకుండానే పక్కన పెట్టింది. ఆయన చెయ్యి వణుకుతోంది మరి, ఆమె ప్రాణం ఉసూరుమంది.

"బిడ్డా, మీ నాయిన..."

"తర్వాత మాట్లాడుదం కాకా. ముందుగాల కూసో."

ఆయన కూర్చుని లివర్‌ను ఒక్కసారి, గోరంత కదిపాడు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పట్టుకోమని శీతల్ బతిమాలింది.

"చెయ్యి వణుకుతది బిడ్డా. పట్టుకుంటె అది గూడ వణుకుతది. ఇగ దాన్ని రానియ్యాలె."

నిమిషంపాటు చెయ్యి తీస్తే వదిలేసినట్టే లెక్క. ఆ నియమం రాసింది శీతలే. నిమిషం కాగానే తెరను ఆపేసింది.

ఆయన నొచ్చుకోలేదు. నాయన మాట మళ్లీ ఎత్తలేదు. ఐదింటి బండికి పోవాలంటూ చెప్పులేసుకున్నాడు.

ఒక్కరూ ఆనించలేకపోయారని శీతల్ పైకి రాసి పంపేసింది.

సామాను సర్దుతూ, ఎందుకో మనసొప్పక, ఆపిన చోటి నుంచి తెరను నడవనిచ్చింది. ఎవరూ ముట్టుకోని నౌక మెల్లమెల్లగా వచ్చి స్టేషన్‌కు ఆనింది.

చప్పుడే రాలేదు.

ఆమె గేటు దాకా పరుగెత్తింది. ముసలాయన ఎప్పుడో ఆటో ఎక్కి పోయాడన్నాడు వాచ్‌మన్ గజానన్. అప్పటికే ఐదుంపావు.

తిరిగొచ్చి ఆ కాగితం వెతికి తీసింది. పేరు దాసు, చేసిన పని షంటింగ్ ఇంజన్ డ్రైవర్, ఊరు ముద్ఖేడ్.

ఆ కింద, ఎవరూ అడగని చోట, వణుకుతున్న అక్షరాల్లో ఇంకో ముక్క రాసి ఉంది: "మా ఎంకట్రాములు బిడ్డను చూసి పోదామని అచ్చిన."