ముత్యాలప్ప కొట్టిన అడవికోడి

"లోకంలో ఉండే కోళ్ళన్నిటికీ మూలపురుషుడు ఎవరనుకున్నావు బావా? మా గుట్టలో అడవికోడే!" అంటూ ముత్యాలప్ప ఇంకో ముక్క వడ్డించాడు.

ధర్మవరం నుంచి కొత్త వియ్యంకుడు నరసింహప్ప వచ్చినాడు. ఆయనకు ఊరికోడి పెడితే ముత్యాలప్ప వేటగాడి పరువేం కాను?

"నిప్పుకణిక లాంటి మెడ, నెమలే సిగ్గుపడే తోక. మా గుట్ట దిగి, గుంతకల్లులో రైలెక్కి, దేశమంతా పాకింది. పట్నాల్లో ఎండ తగలక తెల్లబడింది గానీ, రక్తం మనదే."

"టికెట్టు కొనిందా బావా?" అన్నాడు నరసింహప్ప ఎముక చీకుతూ.

అంతలో వాకిట్లో జీపు ఆగింది. ఫారెస్టు ఆఫీసరు త్రివేణి దిగింది.

"అడవికోడిని కొట్టినావంటనే! ఊరూరా నువ్వే చెప్పుకుంటాండావంట. జైలుకు పోతావు, తెలుసునా?"

ముత్యాలప్ప భార్య బయమ్మ గబగబా ముందుకొచ్చింది. "మేడమ్, అసలు సంగతేమంటే..."

"నువ్వు నోర్ముయ్!" అన్నాడు ముత్యాలప్ప. "కొట్టినా మేడమ్. నా గురి తప్పేదే లేదు. ఒకటేంది, సగం గుట్ట ఖాళీ చేసింది నేనే. రాసుకోండి."

ఇంత మర్యాదగల దొంగను త్రివేణి తన సర్వీసులో చూడలేదు.

"ఈకలు యాడ?"

"గాలికి పోయినాయి మేడమ్. అంతంత గాలిమరలనే తిప్పే గాలికి ఈకలొక లెక్కనా?"

"సరే. ఈ కూర ల్యాబుకు పంపిస్తా."

ముత్యాలప్ప ముఖం మాడిపోయింది. "ల్యాబెందుకు మేడమ్? నేనే ఒప్పుకుంటాండా గదా!" అంటూనే చట్టి ఎత్తి కూరంతా నోట్లో కుమ్మరించుకున్నాడు. ఎముకలు కుక్కకు విసిరేశాడు.

"సాక్ష్యం మింగినావు. ఆ కేసూ పెడతా!"

"రెండూ పెట్టండి తల్లీ."

నరసింహప్పకు కళ్ళు చెమర్చాయి. "మొగోడంటే నువ్వు బావా! మా ధర్మవరమంతా చెప్తా."

ఆ మాట చాలు. ముత్యాలప్ప జీపులో పెళ్ళికొడుకు మాదిరి కూర్చున్నాడు. దారిలో కనబడినోళ్ళకల్లా చెయ్యి ఊపి, "అడవికోడి కేసప్పా!" అని కేకేసి మరీ చెప్పాడు.

గోరంట్ల ఫారెస్టు ఆఫీసు దాకా ఆయన ముఖానికి టవలు కప్పుకున్నది ఒక్కచోటే: పొద్దున ఆ కోడిని చర్మం వలిచి, తూకం వేసి ఇచ్చిన వీరేష్ బ్రాయిలర్ అంగడి ముందర.