ఆయన నొక్కిన మీట

“బ్రేకు మీద కాలు పెట్టి, అప్పుడు స్టార్టు బటన్ నొక్కండమ్మా. కాలు అందుతోందా?”

“అందుతోంది,” అంది ఆమె.

ఏనుగంత బండి. పక్క మెట్టు మీద కాలేసి, పైన పిడి పట్టుకుని ఎక్కేసరికే ఆమెకు ఆయాసం వచ్చింది. కూర్చున్నాక మాత్రం ఆశ్చర్యంగా అన్నీ అందాయి. పెడళ్ళు సరిగ్గా పాదాల కిందే ఉన్నాయి. కాస్త ధైర్యం వచ్చింది.

మూడు వారాల కిందట ఈ బండే ఆమె భర్తను చంపింది. కొండ దారిలో ఆయన ఒక్కడే దిగుతుంటే చెట్టుకొమ్మ అడ్డం వచ్చిందట. దాన్ని లాగేయడానికి బండి ఆపి ముందుకు వెళ్ళాడట. బండి వెనక నుంచి జారుకుంటూ వచ్చేసిందట. అన్నీ ‘అట’లే, చూసినవాళ్ళు లేరు. ఆ రోజు ఆమె కూతురి ఇంట్లో ఉంది. ‘కంట్రోల్స్ మీద అవగాహన లేక యజమాని చేసిన పొరపాటు’ అని ఒక్క ముక్క రాసి పోలీసులు చేతులు దులుపుకున్నారు. చుట్టాలు ఇంకాస్త ముందుకు వెళ్ళి, చేజేతులా తెచ్చుకున్నాడన్నారు.

ఆ మాటే ఆమెకు నిద్ర లేకుండా చేస్తోంది. గ్యాసు కట్టేశామో లేదో అని గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషి ఆయన. అలాంటివాడు ఏ మీట తప్పు నొక్కాడు? అది తేలాలి. ఆ తరవాత బండి ఏమైపోయినా ఆమెకు అక్కర్లేదు.

పోలీసులు బండిని క్రేనుతో లారీ ఎక్కించి తీసుకుపోయారు. నిన్న అలాగే తెచ్చి ఇంటి ముందు దించారు. తాళం సీలు వేసిన కవరులో ఇచ్చారు. పొద్దున ఆ సీలు చించింది ఆమే. ఆ రోజు తరవాత ఈ సీట్లో కూర్చున్న మొదటి మనిషి తనే. 

“ఈ గుండ్రటి మీట బండి ఎత్తు కోసం,” అన్నాడు పక్క సీట్లోంచి పిట్ట డ్రైవరు. పదేళ్ళుగా ఇంట్లో మనిషి. మనిషి పిట్టంత కాబట్టి ఆ పేరు. స్టీరింగు వెనక నువ్వున్నావా, బండి ఖాళీగా పోతోందా అని భర్త అతన్ని ఏడిపించేవాడు. “పై అంచు నొక్కితే లేస్తుంది. మధ్యలో నొక్కితే మామూలు ఎత్తు.”

ఆమె మధ్యలో నొక్కింది. ఏమీ జరగలేదు.

“పాడైందా?”

“లేదమ్మా. ఉన్నదే ఆ ఎత్తులో కదా, ఇంకెక్కడికి కదుల్తుంది? పై అంచు నొక్కండి.”

నొక్కింది. బండి బుస్సుమని నాలుగంగుళాలు లేచింది.

“ఇది కొండ దిగడానికి. నొక్కితే బ్రేకు తొక్కక్కర్లేదు, మనిషి నడిచినట్టు అదే దిగుతుంది.”

“ఆయనకి చెప్పావా?”

“లక్ష సార్లు చెప్పాను. సారు చెవిన పెడితేగా?” డ్రైవరు నుదురు కొట్టుకున్నాడు. “ఆ పాడు జ్వరం ఆ రోజే రావాలా అమ్మా! సెలవు పెట్టకుండా ఉంటే నేనే నడిపేవాణ్ణి. సారు బతికుండేవారు.”

ఆమెకు కళ్ళు చెమర్చాయి. అంత్యక్రియల నాడు కూడా అతను ఇదే మాట అని తల బాదుకున్నాడు.

“సరే, గేర్లో ఉండగా డ్రైవరు వైపు తలుపు తీస్తే ఏమవుతుంది?”

“దానంతటదే బ్రేకు పడిపోతుంది.”

ఆమె బ్రేకు తొక్కిపట్టి గేరు వేసి తలుపు తీసింది. బండి టక్కున బిగుసుకుంది. ఎదురుగా ఎర్ర దీపం వెలిగింది.

“పడిందే!”

“పడుతుందమ్మా.”

“మరి ఆ రోజు ఎందుకు పడలేదు?”

డ్రైవరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “యంత్రం కదమ్మా. ఒక్కోసారి మొరాయిస్తుంది.”

“ఇప్పుడు మొరాయించలేదుగా?”

“మీరిలా తవ్వుకుంటూ కూర్చుంటే మనసు పాడవుతుంది. మనకెందుకమ్మా ఈ శని? అమ్మి పారేద్దాం.”

అతను చెప్పిందీ నిజమేననిపించింది. ఎన్ని మీటలు నొక్కినా పోయిన మనిషి రాడు. దిగుదామని కాలు బయట పెట్టబోతుంటే తలుపు మీద వరసగా మూడు అంకెలు కనిపించాయి.

“ఇవేంటి?”

“సీటువమ్మా,” అన్నాడు డ్రైవరు, బండి వదిలేస్తోందన్న ఊరటలో గబగబా. “ఎవరి నంబరు వాళ్ళు నొక్కితే వాళ్ళ కొలతకి జరుగుతుంది. ఒకటి సారుది, రెండు నాది. మూడు ఖాళీ.”

ఆమెకు గుర్తుంది. భర్త ఆరడుగుల మనిషి. ఎక్కగానే ముందు ఒకటి నొక్కి, సీటు చివరికంటా వెనక్కి పోయాకే తలుపు వేసుకునేవాడు. లేకపోతే మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకునేవి.

ఆమె ఒకటి మీద వేలు పెట్టి, వెంటనే తీసేసింది. సీటు వెనక్కి జరిగి ఆయన కూర్చున్న చోటికి తీసుకుపోతే తట్టుకోలేదు. ఏడుపు దిగమింగుకుని, ఊరికే ఎలా జరుగుతుందో చూద్దామని రెండు నొక్కింది.

సీటు కదలలేదు.