ఈల

“పిన్నీ, కొత్త సినిమాలో ఉరుమువీరుడు ఏం బాగోలేడంట. అందరూ తిట్టిపోస్తన్నారు. పాతోడి ముందు ఈడెంత!” అని గోడవతల నుంచి రత్నాలు కేకేసింది.

వీరుడు ఎలా ఉంటే నాకేం? హాళ్లు మూతపడ్డాక సినిమాలన్నీ కళ్లద్దాల్లోనే చూస్తున్నాం. పక్కన ఎవరు కూర్చోవాలో అవే ముందుగా అడుగుతాయి. యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్న చదువుతో కూడబలుక్కుని చదివాను: “మీ ఊరి పాత హాలు, నేల తరగతి, మొదటి ఆట.” ఆనాటి పాత సినిమాకి రికార్డు చేసిన ఈలలూ కేకలే ఇప్పుడూ వినిపిస్తాయట. పోయిన మా ఆయన ఆనాడు నా పక్కన కూర్చుని ఆ ఆట చూశాడు. అదే ఎంచుకున్నాను.

వీరుడు మబ్బుల్లోంచి దూకాడు. హాలంతా లేచి నిలబడింది. అన్ని ఈలల్లో ఆయన ఈల కోసం వెతికాను. ముందుపన్ను లేక చివర్లో తుస్సుమనేది. అది వినపడలేదు.

అప్పట్లో హాల్లో నేను కాగితాలు విసిరితేనే ఆయన ఈల వేసేవాడు. ఇంట్లో నేను అక్షరాలు దిద్దుకున్న నోటుపుస్తకం తప్ప కాగితమే లేదు. ఆయన పేరు మొదటిసారి రాసిన పేజీ ఉంచుకుని మిగతావన్నీ చింపాను. సినిమా వెనక్కి తిప్పి, వీరుడు దూకగానే విసిరాను.

ఆయన ఈల రాలేదు. నేనే రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఊదాను. బోసినోరు కదా, అచ్చం ఆయనలాగే చివర్లో తుస్సుమంది.

“ఈలేసిందెవరు పిన్నీ? ఎవరొచ్చారు?” అంది రత్నాలు.

“ఎవరూ రాలేదే.”

కళ్లద్దాలు తీశాను. హాలు మాయమైంది. నేను విసిరిన కాగితాలు మాత్రం గదంతా పడి ఉన్నాయి.