జాబితాలో లేని కారణం

ఒమన్ దేశం సోహార్‌లోని కంపెనీ ఆఫీసులో క్లర్కు అబిగైల్ ముందు బాషా నిలబడి ఉన్నాడు. సైట్‌లో పైనుంచి పడి చనిపోయిన అన్నను కడపకు తీసుకెళ్ళడానికి కాగితం కావాలి.

కంప్యూటర్‌లో ఉద్యోగం ముగిసిన కారణం ఎంచుకుంటే గాని కాగితం రాదు. జాబితాలో మూడే ఉన్నాయి: రాజీనామా, గడువు పూర్తి, పరారీ.

ఆమె హెడాఫీసుకు ఫోన్ చేసింది. "జాబితాలో కొత్త కారణానికి కోడ్ కలపాలంటే రెండు వారాలు పడుతుంది. ఉన్నవాటిలో ఏదో ఒకటి పెట్టు" అన్నారు.

"రాజీనామా అని పెడతాను, బాషా."

"మా యన్న పని యాడ ఇడిసిపెట్టినాడక్కా? పని చేస్తానే పోయినాడు."

అబిగైల్ జాబితాను మళ్ళీ పైనుంచి కిందికి చూసింది.

కిందటేడు, వాడకంలో లేని కోడ్‌లు తీసేయమన్నప్పుడు 'మరణం' తీసేసింది తనే. ఐదేళ్ళలో ఒక్కరికీ అవసరం పడలేదని చూసి, "స్తోత్రం ప్రభువా" అనుకుంటూ మరీ తీసేసింది.