ఆమెనే చెప్పనీ

“నేనడిగింది నిన్ను కాదు,” అంది నందిని.

ఆదినారాయణ చెప్పబోయిన మాట నోట్లోనే ఆగిపోయింది. సింహాద్రిపురం చుట్టుపక్కల ఆయన మాటకు అడ్డొచ్చినవాళ్లు లేరు. ఇరవై ఎకరాల చీనీ బత్తాయి తోట ఆయనది, ఊరి పంచాయితీలో చివరి మాటా ఆయనదే. అలాంటి మనిషికి ప్రొద్దుటూరులో, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, ఇరవై ఆరేళ్ల నర్సు అడ్డు చెప్పింది.

పక్కన బల్ల మీద కూర్చున్న ఆయన భార్య నాగేంద్రమ్మ తల ఎత్తలేదు. అందరినీ అడిగినట్టే నందిని ఆమె పేరడిగితే ఆయనే చెప్పాడు. వయసూ ఆయనే చెప్పాడు. బాధేమిటంటే, గ్యాసు, తిన్నది అరగదు, ఒక సెలైన్ పెట్టి పంపితే చాలని అదీ ఆయనే తేల్చేశాడు.

నాగేంద్రమ్మ ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే ఎరుపన్న జాడ లేదు. గ్యాసుకు మనిషి ఇంత తెల్లబడదని నందినికి తెలుసు.

పోయిన నెలలోనే ఆస్పత్రివాళ్లు నర్సులకు రెండు రోజులు శిక్షణ ఇప్పించారు. రోగిని నిలబడి అడగొద్దు, ఎదురుగా కూర్చోండి. అవునా, కాదా అని అడగొద్దు, ఏమైందో చెప్పమనండి. జవాబు మీరు అందించొద్దు, ఎంతసేపు పలక్కపోయినా కాచుకోండి. రోగి బదులు మాట్లాడేవాళ్లుంటే ముందు వాళ్లను బయటికి పంపండి. ఈ చివరి మాట కింద నందిని తన పుస్తకంలో రెండు గీతలు గీసుకుంది.

“కొంచేపు బయట కూర్చో. అమ్మతో నేనొక్కదాన్నే మాట్లాడాల.”

“నాకు తెలీనిది ఈమెకేం తెల్సు? ముప్పై ఏండ్లుగా చూస్తాండా. నేను చెప్పేది రాసుకో.”

“రాయను.”

గొంతులు విని హెడ్ నర్సు హఫీజా వచ్చింది. నందినిని పక్కకు పిలిచి, పెద్దమనిషితో గొడవెందుకు, ఆయన చెప్పిందే రాసి డాక్టరమ్మ దగ్గరికి పంపెయ్యి, పైదాకా పోతే నీ మీదికే వస్తుందని మెల్లగా నచ్చజెప్పింది. ఆమె మంచికే చెప్పింది. నందిని అంతా విని తల ఊపింది. మళ్లీ వచ్చి తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

ఆదినారాయణ లేచి ఆమె మీదికి వచ్చినంత దగ్గరగా వచ్చాడు. ఆ చూపుకు ఎదురు నిలబడటం నందినికి అదే మొదటిసారి. అయినా కళ్లు దించలేదు.

“ఉద్యోగమొచ్చిందని శానా ఎగురుతాండావు. రేపట్నుంచి ఎట్ల చేస్తావో చూస్తా.”

“చూడు. ఈపొద్దు మాత్రం చేస్తాండా.”

ఆయన బయటికి నడిచాడు. నందిని తలుపు గడియపెట్టి, స్టూలు లాక్కుని నాగేంద్రమ్మ ఎదురుగా కూర్చుంది. ఏం బాధగా ఉందో నీ నోటితో చెప్పమంది. నాగేంద్రమ్మ తలుపు వైపు చూసింది. బయట ఆదినారాయణ దగ్గు వినిపిస్తోంది. నందిని నాలుక చివర పది ప్రశ్నలున్నాయి. ఒక్కటీ అడగకుండా కాచుకుంది.

చాలాసేపటికి నాగేంద్రమ్మ పెదవులు కదిలాయి. “ఆడనే ఉండాడా?”

“ఉండాడు. ఈడికి మాత్రం రాలేడు.”

అప్పుడు చెప్పింది. ముట్లాగిపోయిన నాలుగేళ్లకు మళ్లీ రక్తం కనబడిందట. ఆరు నెలలైంది. మొదట చుక్కలే. ఇప్పుడు రోజుకు నాలుగైదు గుడ్డలు. తెల్లవారకముందే లేచి, ఎవరి కంటా పడకుండా తోటలో బోరు దగ్గర ఉతుక్కుంటోంది. ఆ సంగతి మొగుడికి చెప్పడానికి నోరు రాలేదు. నీరసమంటే ఆయన గ్యాసు మాత్రలు తెచ్చిచ్చాడు. అవే మింగింది.

“ఇన్నాళ్లూ ఎవురికీ ఎందుకు చెప్పలేదమ్మా?”

నాగేంద్రమ్మ మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది.

“ఎవురడిగినారు?”

కాసేపు నందినికి కాగితం మీది అక్షరాలు కనబడలేదు.

డాక్టరమ్మ పరీక్ష చేసింది, స్కాన్ తీయించింది. ఆదినారాయణను పిలిపించి, ఇది ఆలస్యం చేసే సంగతి కాదంది. ఈ రోజే రక్తం ఎక్కించాలి, రేపు పొద్దున మత్తిచ్చి గర్భసంచిలోంచి ముక్క తీసి పరీక్షకు పంపాలి. క్యాన్సరే అయినా ఇప్పుడు దొరికితే నయం చేసుకోవచ్చు. ఆయన వినలేదు. రేపు కాయ కోత, లారీ వస్తుంది, ముప్పై మంది కూలీలకు వంటెవరు చేస్తారు, వారం పోయాక చూద్దామన్నాడు. లెయ్ పోదామని భార్య చేయి పట్టుకున్నాడు.

డాక్టరమ్మ ఆయనకే మళ్లీ నచ్చజెప్పబోయింది. నందిని అడ్డొచ్చింది.

“ఆయన్ని కాదు మేడమ్. అమ్మనడగండి.”

గదిలో అందరూ నాగేంద్రమ్మ వైపు తిరిగారు. ఆమె మెల్లగా ఆయన పిడికిట్లోంచి తన చేయి వెనక్కి తీసుకుంది.

“నేను ఈడే ఉంటా. కూలోళ్లకు నువ్వే వండిపెట్టుకో.”

ఆదినారాయణ భార్యను చూశాడు, నర్సును చూశాడు. ఇద్దరూ కళ్లు దించలేదు. సంతకం నేను పెట్టను, ఎవరు పెడతారో పెట్టించుకోండని మెట్లు దిగిపోయాడు. కింద కారు కదిలిన చప్పుడైంది.

నాగేంద్రమ్మ తన సంతకం తానే, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టింది. రోగి తరఫువాళ్ల సంతకం మిగిలింది. అది లేకుండా మత్తు డాక్టరు ముట్టుకోడని హఫీజా దిగులుపడింది. ఊళ్లో ఈమె వాళ్లెవరైనా ఉన్నారేమో ఫోన్ చేద్దామంది.

నందిని ఆమె చేతిలోంచి కాగితం తీసుకుంది.

“నువ్వు పెట్టగూడదు నందినీ. నర్సులు పెడితే ఉద్యోగం పోతాది.”

“పోనీలే అక్కా.”

సంతకం పెట్టి, దాని కింద ‘రోగికి ఏమవుతారు’ అన్నచోట ‘కూతురు’ అని రాసింది. అది నిజమేనని హఫీజాకు అప్పటిదాకా తెలీదు.