గురువారం వచ్చే చేపలాయన

పొద్దున అమల డ్యూటీకి వచ్చేసరికి, పిల్లల వార్డులోని అద్దాల తొట్టిలోని చేపల్లో ఐదు వెల్లకిలా తేలి ఉన్నాయి.

"సిస్టరక్కా, చేపలు నిద్రపోతా ఉండాయా?" మంచం మీది పాప అడిగింది.

అమల తొట్టికి అడ్డంగా నిలబడింది.

ఆ రోజు గురువారం. చేపలాయన వచ్చే రోజు. ప్రతి గురువారం పాకాల నుంచి రైల్లో తిరుపతికి వస్తాడు. తొట్టి కడుగుతాడు. పెన్నులాంటి చిన్న మీటరును నీళ్లలో ముంచి, పులుపు ఎంతుందో చూస్తాడు. మీటరును తొట్టి కింది సొరుగులో పెట్టి వెళ్లిపోతాడు. ఆసుపత్రి జీతానికి పెట్టుకున్న మనిషేనని అందరి లెక్క. గోవిందయ్య అన్న పేరు తప్ప ఎవరూ ఇంకేమీ అడిగింది లేదు.

ఆయన రాగానే హెడ్ సిస్టరు వరలక్ష్మమ్మ విరుచుకుపడింది.

"ఏమయ్యా, పోయిన వారం నీళ్లు బాగుండాయని చెప్పి పోతివే?"

"మీటరు ఏడు చూపించిందమ్మా. ఏడంటే మంచినీళ్లే."

మళ్లీ ముంచాడు. ఏడే.

ఎవరినో అడిగి నిమ్మకాయ తెచ్చి, ఆ రసంలో ముంచాడు. అప్పుడూ ఏడే.

"నిమ్మకాయకు రెండో మూడో చూపించాల. దీనికే జబ్బు చేసిండాదమ్మా, నీళ్లు పులిసినా ఏడే అంటాది." కొనలోని గాజుబుడ్డిని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఎండిపోయిండాది. ఎవురో మూత తీసి అట్లే పెట్టేసినారు."

అమల సొరుగు వంక చూసింది.

రెండు వారాల కింద, సూదిమందుకు ఏడుస్తున్న ఒక పాపను ఊరుకోబెట్టడానికి మీటరు చేతికిచ్చింది తనే. మంచం కిందికి దొర్లిన మూత నాలుగు రోజులకు గానీ దొరకలేదు. దొరికినాక తగిలించి, కిక్కురుమనకుండా సొరుగులో పెట్టేసింది.

చెప్పాలనుకుంది. ఒక అడుగు ముందుకేసింది.

"నీ తప్పు ఇంకొకరి మీద తోస్తావా?" వరలక్ష్మమ్మ గొంతు లేచింది. "జీతం తీసుకునేవాడికి బాధ్యత ఉండొద్దా? ఇంక ఈ గడప తొక్కొద్దు, పో!"

ఆయన అమల వంక చూశాడు. ఆమె తల వంచుకుంది.

సంచీలోంచి చిన్న సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"సిస్టరమ్మా, కొనను రేపటిదాకా ఈ మందునీళ్లలో నాననియ్యి, బాగవుతాది. తొట్టి నీళ్లు మాత్రం ఇప్పుడే సగం మార్సండి."

మరుసటి రోజు మీటరు నిమ్మరసానికి రెండు చూపించింది. మిగిలిన చేపలు బతికాయి.

తరువాతి గురువారం ఆయన రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు.

అమలకు అన్నం సహించలేదు. పోయి వరలక్ష్మమ్మ ముందర అంతా చెప్పేసింది.

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజే చెప్పుంటే ఏం పోయేదే? పో, ఆఫీసులో అడ్రెస్సు తీసుకోని రా. మనమే పోయి పిల్చుకోనొద్దాం."

గుమాస్తా మునికృష్ణ రిజిస్టరు రెండు తూర్లు తిరగేశాడు.

"గోవిందయ్యా? జీతాల్లో ఆ పేరే లేదు సిస్టరూ."

"మరి తొట్టి చూసుకునేదానికి ఆయన్ను ఎవరు పెట్టినారు?"

"ఎవురూ పెట్టలేదే. ఆ తొట్టి కూడా ఎవురో ఊరికే ఇచ్చింది గదా."

పాత ఫైలు దుమ్ము దులిపి, 1998 నాటి ఉత్తరమొకటి బయటికి తీశాడు. అడ్రెస్సు ఉండాల్సిన చోట పాకాల అని మాత్రమే ఉంది.

అమల దాన్ని అందుకుని చదివింది.

"అయ్యా, మా పాప జాహ్నవి మీ వార్డులోనే పోయింది. చేపలు చూపించు నాయనా అని ఆఖరి వారమంతా అడిగింది, నేను చూపించలేకపోతిని. ఈ తొట్టిని ఆడ పెట్టుకోనిస్తే, నేనుండేంత కాలం వారానికొక తూరి వచ్చి నేనే చూసుకుంటాను."